తెల్లారి జీపు లేవదు, మధ్యాహ్నం అర సెల్ఫ్‌కే లేస్తుంది: పంపు విప్పే ముందు ఏం చూడాలి?

బాబూ, మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్పుకుంటాను. ఒడిశా కొరాపుట్ జిల్లాలో పొట్టంగి దాటి లోపలి ఊరు. 1999 మోడల్ ప్యూజో ఇంజన్ జీపు. కుందులి సంత రోజున నాలుగున్నరకే అల్లం, కూరగాయల బస్తాలు ఎక్కించుకుని బయలుదేరాలి. కార్తీకం వెళ్లిన దగ్గర్నుంచి పది నిమిషాలు సెల్ఫ్ కొట్టినా బండి లేవడం లేదు, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తోంది, చివరికి ఇద్దరు కుర్రాళ్లు తోస్తే స్టార్టవుతోంది. అదే బండి మధ్యాహ్నం అర సెల్ఫ్‌కే లేస్తోంది. మూడుసార్లు సాలూరు తీసుకెళ్లారు. ఒకరు ఇంజన్‌కు డీజిల్ కొట్టే పంపు విప్పాలన్నారు, ఒకరు బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ గోడ, అరిగిపోయిందన్నారు, బంకు దగ్గర ఇంకొకాయన డీజిల్ గడ్డకడుతోందన్నాడు. ఈ మూడింట్లో దేని సంగతి ముందు చూడాలన్నది మీ ప్రశ్న.

ఏదీ ఇప్పుడే వద్దు. నేను ఈ ఘాటు రోడ్డు మీద చాలా ఏళ్లు జీపు నడిపాను, ఆ తర్వాత సిమిలిగుడలో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. డిసెంబరు వచ్చిందంటే నా దగ్గరికి వచ్చే పాత బండ్లలో సగానికి ఇదే గోల. వాటిలో నిజంగా పంపు విప్పాల్సి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

సాలూరు మెకానిక్కులకు పని రాదని నేననను. లారీల ఊరది, డీజిల్ ఇంజన్ వాళ్లకు కొత్త కాదు. చిక్కు ఎక్కడంటే, మీ బండి సుంకి ఘాటు దిగి అక్కడికి చేరేసరికి ఇంజన్ బాగా కాగి ఉంటుంది, పైగా కింద ఈ చలే ఉండదు. జ్వరం దిగాక రోగిని డాక్టరుకు చూపించినట్టు. ఆయన సెల్ఫ్ కొడితే బండి ఠక్కున లేస్తుంది, ఇక ఆయన ఊహించి చెప్పాల్సిందే. ఈ జబ్బు రోజుకు ఒక్కసారే కనిపిస్తుంది. ఇంజన్ రాత్రంతా చల్లారి ఉన్నప్పుడు, మొదటి సెల్ఫ్ కొట్టిన అర నిమిషంలో. ఆ అర నిమిషంలో ఏమైందో ఎవరూ చూడకుండానే రోజూ బండి తోసేస్తున్నారు. కాబట్టి చూడాల్సింది మీరే, మీ వాకిట్లోనే, తెల్లవారకముందే. సంత లేని రోజు పెట్టుకోండి, తొందర ఉండదు.

చలికి ఇంజన్ ఎందుకు మొరాయిస్తుందో కాస్త తెలిస్తే మిగతాదంతా తేలిక. డీజిల్ ఇంజన్లో స్పార్క్ ఉండదు, గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. మీ ఇంజన్ గాలిని దాదాపు ఇరవై రెండో వంతుకు నొక్కుతుంది. మే నెలలో 35 డిగ్రీల గాలి లోపలికి వెళితే నొక్కాక బాగా కాగుతుంది. ఇప్పుడు తెల్లవారుజామున 8 డిగ్రీల గాలి వెళితే అంతకంటే బాగా తక్కువ వేడి దగ్గరే ఆగుతుంది. అసలు ఇంజన్లో అదీ మిగలదు. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే గాలి పిస్టన్ రింగుల పక్కనుంచి జారిపోతుంది, ఉన్న వేడిని చల్లటి ఇనుము పీల్చేస్తుంది. దీనికి తోడు మీ వైపు ఊళ్లు 900 మీటర్ల ప్రాంతంలో ఉన్నాయి, అక్కడ గాలే కింది కంటే పదో వంతు పలచన.

ఇంకో సంగతి. మీ ఇంజన్లో డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, హెడ్‌లో ఉన్న చిన్న గదిలో పడి అక్కడ అంటుకుంటుంది. ఆ గది గోడలు చల్లగా ఉంటే వేడంతా వాటికే పోతుంది. అందుకే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో హీటర్ ప్లగ్గు పెట్టారు. తర్వాత వచ్చిన డీఐ ఇంజన్లలో, అంటే డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడే రకంలో, ఆ గది లేదు, మన చలికి అవి హీటర్ లేకపోయినా లేస్తాయి. పక్కింటాయన డీఐ బండి రోజూ లేస్తోంది కదా, నా ఇంజనే పోయిందేమో అని మీరు బెంగపెట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు డీజిల్ గడ్డకట్టడం సంగతి. లదాఖ్‌లో అది నిజమే. అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే డీజిల్‌ను తెచ్చింది. మనకు బంకులో దొరికే మామూలు డీజిల్‌కు చలికాలపు ప్రమాణం వేరే ఉంది. 6 డిగ్రీలకు దిగేదాకా అందులోని మైనం ఫిల్టర్‌ను మూయకూడదు. సిమిలిగుడ వైపు ఏ ఒకటి రెండు రాత్రులో ఆ హద్దు దాకా వెళ్లినా, ట్యాంకులోని డీజిల్ బయటి గాలంత త్వరగా చల్లబడదు. అసలు మీ బండే దీనికి జవాబు చెబుతోంది. ఫిల్టర్ మూసుకుపోతే పొగ రాదు. తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్ దాకా చేరుతోంది, అంటుకోకుండా ఆవిరై బయటికొస్తోంది. ఒక్క మినహాయింపు ఉంది. ఎండాకాలంలో డ్రమ్ముల్లో పోసి ఉంచుకున్న డీజిల్ ఇప్పుడు వాడుతున్నారా? వేసవి డీజిల్‌కు ఆ హద్దు 18 డిగ్రీల దాకా ఉండొచ్చు. అలాంటిదైతే ఫిల్టర్ నిజంగానే మూసుకుపోతుంది. అప్పుడు బండి సాధారణంగా స్టార్టయి, నిమిషానికో రెండు నిమిషాలకో ఊపిరాడనట్టు ఆగిపోతుంది. మీరు చెప్పినదానికి ఇది పొసగడం లేదు.

సరే, పరీక్ష రోజున ఇంట్లో ఒకరిని సైలెన్సర్ దగ్గర టార్చితో నిలబెట్టండి. మీరు హీటర్ వేసి, పది సెకన్లకు మించకుండా ఒక్కసారి సెల్ఫ్ కొట్టండి. వెనకున్నవాళ్లు పొగ రంగు చూడాలి, మీరు చప్పుడు వినాలి. అసలు పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు: లైనులో గాలి పట్టిందో, కీ తిప్పితే డీజిల్‌కు దారి తెరిచే, పంపు మీది స్టాప్ సోలినాయిడ్ తెరుచుకోవడం లేదో చూడాలి. డీజిల్ వాసనతో కళ్లు మండించే తెల్ల పొగైతే డీజిల్ ఉంది, వేడి చాలడం లేదు. నీలం పొగైతే ఆయిల్ కాలుతోంది. నల్లదైతే గాలి చాలడం లేదు, ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి, ఎలుక గూడు కట్టినవీ చూశాను. పొగ సంగతి అలా ఉంచి, చప్పుడు ముఖ్యం. మీరు 'సెల్ఫ్ బాగానే తిరుగుతోంది' అని రాశారు. ఆ 'బాగానే'తో నాకు పేచీ. మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి సెల్ఫ్ చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసి పక్కపక్కన వినండి. పొద్దున్నది సాగదీసినట్టు ఉంటే మీ సమస్యలో సగం అక్కడే దొరికినట్టు.

బ్యాటరీ కొత్తదే అని రాశారు. కొత్తదైనా సున్నా డిగ్రీల దగ్గర ఐదో వంతు బలం తగ్గుతుంది, మన చలికి కాస్త తక్కువ తగ్గుతుంది. రాత్రంతా నిలబడి ఉన్న బ్యాటరీకి తెల్లారి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12.2 చూపితే సగమే చార్జయింది, అప్పుడు ఆల్టర్నేటర్ బెల్టు వైపు చూడండి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ 9.6 కంటే కిందికి దిగకూడదు. ఇంకొక కొలత ఉంది, మెకానిక్కులు చాలామంది తీయరు. మీటరు ఒక తీగను బ్యాటరీ నెగెటివ్ కొమ్మకు (సీసపు పోస్టుకు), టెర్మినల్ క్లిప్పుకు కాకుండా కొమ్మకే, ఇంకొకటి ఇంజన్ బ్లాకు మీద గీకిన శుభ్రమైన చోట ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే ఎర్త్ వైరు తినేస్తోందని అర్థం.

ఈ కొలత నాకు డబ్బు పోగొట్టుకుని అబ్బింది. ఒక ధనుర్మాసంలో నా సొంత జీపు ఇలాగే ఏడిపిస్తే, కింద ఒక షాపులో పంపు కాలిబ్రేషన్ చేయించి, డీజిల్ చిమ్మే నాజిళ్లు మార్పించి, రెండు ట్రిప్పుల ఆదాయం అక్కడే పోసి వచ్చాను. మర్నాడు తెల్లారి మళ్లీ అదే పొగ. చివరికి చూస్తే ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉండే అల్లిక ఎర్త్ పట్టీ చివర ఆకుపచ్చగా చిలుము పట్టి, నాలుగు పోగుల మీద వేలాడుతోంది. దాన్ని తీసి గీకి బిగిస్తే బండి లేచింది. ఆ షాపు వాళ్ల తప్పని కూడా అనలేను, నేను అడిగిన పని వాళ్లు చేశారు.

సెల్ఫ్ బరువుగా తిరగడానికి ఇంకో కారణం ఇంజన్ ఆయిల్. పాత బండి ఆయిల్ తాగుతోందని కొందరు లూజు డబ్బాల్లోంచి చిక్కటి 40 నంబరు పోయిస్తారు. చలికి అది బెల్లప్పాకం అవుతుంది. మీ బండిలో ఏది పోశారో కనుక్కోండి. మన వైపు చలికాలానికి 15డబ్ల్యూ40 చాలు. డబ్ల్యూ ముందున్న అంకె ఎంత తక్కువుంటే చలిలో అంత పలచగా ఉంటుంది.

ఇక హీటర్ల దగ్గరికి వద్దాం. నా అనుమానమంతా ఇక్కడే. మధ్యాహ్నం మామూలుగా లేచే ప్యూజో ఇంజన్, తెల్లారి తెల్ల పొగ పోస్తూ లేవడం లేదంటే పదికి ఏడుసార్లు హీటర్లే. ఇది నా షెడ్డు అనుభవమే, ఎక్కడా అచ్చేసిన లెక్క కాదు. నాలుగింటిలో ఒకటి పోతే ఎవరికీ తెలియదు, మూడింటి మీద బండి లేచి కాసేపు కొట్టుకుంటూ నడిచి సర్దుకుంటుంది. రెండు పోయినా ఎండాకాలమంతా ఏమీ అనదు. చలి రాగానే బయటపడుతుంది. డ్యాష్‌బోర్డు మీద హీటర్ లైటు వెలుగుతోంది కదా అంటారేమో, కరెంటు అక్కడిదాకా వస్తోందనే అది చెబుతుంది, ప్లగ్గు కాగుతోందని కాదు.

చూసే పద్ధతి ఇది. ఒకరు హీటర్ వేసి పట్టుకోవాలి. కొన్ని బండ్లలో కీ ఒక పక్కకు తిప్పి పట్టుకోవాలి, కొన్నింటికి వేరే బటన్ ఉంటుంది. ప్లగ్గుల తలల మీదుగా పోయే రేకు పట్టీ దగ్గర వోల్టులు కొలవండి. బ్యాటరీ వోల్టుకు దగ్గరగా, కనీసం 10.5 లేదా 11 రావాలి. ఏమీ రాకపోతే రిలే, ఫ్యూజు, కీ స్విచ్చి వరుసగా చూడాలి. పాత కీ స్విచ్చిలో హీటర్ పాయింటు కాలిపోవడం మామూలే. కరెంటు వస్తుంటే హీటర్ ఆపేసి, పట్టీ నట్లు విప్పి పట్టీని పక్కకు తీయండి. పట్టీ ఉంచి కొలిస్తే నాలుగూ కలిసిపోయి ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియదు. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఇప్పుడు ఒక్కో ప్లగ్గు తలకూ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఓమ్‌లు కొలవండి. ముందు మీటరు తీగలు రెండూ ఆనించి అది చూపే సున్నా ఎంతో గుర్తుపెట్టుకుని, వచ్చిన కొలతలోంచి దాన్ని తీసేయండి. మంచి ప్లగ్గు ఒక ఓమ్ అటూ ఇటూ చూపుతుంది. మీటరు అసలు కదలకపోతే అది చచ్చింది. మీటరు లేకపోతే హెడ్‌లైటు బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి బ్యాటరీ ప్లస్‌కు, ఒకటి ప్లగ్గు తలకు పెట్టండి. బల్బు వెలిగితే లోపలి తీగ తెగలేదు. కానీ తెగకపోయినా ముసలిదై సరిగా కాగనివి ఉంటాయి. అనుమానం తీరాలంటే విప్పి, పటకారుతో గట్టిగా పట్టుకుని, మందపాటి వైర్లతో బ్యాటరీకి ఆనించి చూడాలి. మొన ముందు ఎర్రబడాలి. మొన నల్లగా ఉండి మెడ దగ్గర ఎర్రబడితే అది పనికిరాదు. ఒక్కో ప్లగ్గు 10 ఆంపియర్లకు పైనే లాగుతుంది కాబట్టి సన్నటి వైరు వాడితే వేళ్లు కాల్తాయి.

విప్పేటప్పుడు ఇంజన్ గోరువెచ్చగా ఉండాలి. ముందు రోజు రాత్రి ప్లగ్గు మరల (థ్రెడ్ల) దగ్గర నాలుగు చుక్కలు పలచటి నూనె వేసి ఉంచండి. బలవంతం చేస్తే మొన విరిగి గదిలో పడుతుంది, ఆ తర్వాత హెడ్ దించడమే. రెండు పోయినట్టు తేలితే నాలుగూ మార్చేయండి. మిగతా రెండూ ఎలాగూ వాటి ఈడువే. వోల్టేజీ అచ్చు మీ బండికి సరిపోయేదే తీసుకోండి. అన్నట్టు, హీటర్ ఎంతసేపు పట్టుకుంటున్నారు? ఈ పాత రకానికి చలిలో ఇరవై సెకన్ల దాకా కావాలి, లైటు చూసి అయిదు సెకన్లకే సెల్ఫ్ కొట్టేవాళ్లను చూశాను. పట్టుకున్నాక ఆలస్యం చేయకుండా కొట్టాలి. మొదటిసారి లేవకపోతే మళ్లీ హీటర్ వేసి, రెండోసారి కొట్టాలి. అంతేగానీ పది నిమిషాలు ఏకబిగిన సెల్ఫ్ తిప్పితే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

హీటర్లూ సెల్ఫూ బాగున్నాయని తేలాక కూడా మొండికేస్తే, లైనులో గాలి. దీనికి మన కొండల్లో ఒక చక్కటి పరీక్ష ఉంది. మీ వాకిలి ఏటవాలుగా ఉందని మీ మాటల్లోనే తెలుస్తోంది, కుర్రాళ్లు ఇద్దరే తోయగలుగుతున్నారు కాబట్టి. బండి ముక్కు ఎత్తువైపు పెట్టి నిలిపితే వెనకున్న ట్యాంకు పల్లంలో ఉంటుంది. ఎక్కడో సన్నటి గాలి కన్నం ఉంటే రాత్రంతా డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, తెల్లారి పంపులో గాలే మిగులుతుంది. ఒక రాత్రి ముక్కు పల్లం వైపు పెట్టి, గేరులో వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి పడుకోండి. తెల్లారి తేడా స్పష్టంగా కనిపిస్తే కన్నం ఉన్నట్టే. ఇది పీల్చే వైపు కన్నం కాబట్టి బయటికి డీజిల్ కారదు, తడి చూసి పట్టుకోలేరు. ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య ఒక అడుగు పారదర్శకమైన డీజిల్ పైపు వేసి చూడండి, తెల్లారి సెల్ఫ్ కొడితే బుడగలు కళ్ల ముందే పరుగెడతాయి. ఎక్కువగా దొరికేది డీజిల్ కొట్టే చేతి పంపు లోపలి సీలు, ఫిల్టర్ గాస్కెట్, క్లిప్పు కింద పగిలిన రబ్బరు పైపు, లేదా రెండోసారి వాడిన రాగి వాషర్. అన్నీ చిల్లర ఖర్చులు. పనిలో పనిగా ఫిల్టర్ అడుగు బోల్టు వదులు చేసి నీళ్లు దించేయండి.

ఇవన్నీ దాటాక మాత్రమే నాజిల్, డీజిల్ చిమ్మే టైమింగ్, బోరు. వాల్వులను నొక్కే టాపెట్ల సందు ముందు చూపించండి, బిగుసుకుపోయిన టాపెట్ వాల్వును పూర్తిగా మూసుకోనివ్వదు, కంప్రెషన్ కారిపోతుంది. అది ఒక పూట పని. హీటర్ కన్నంలోంచి డీజిల్ ఇంజన్ల కంప్రెషన్ గేజీ పెట్టి నాలుగు సిలిండర్లూ కొలిపించండి. నాలుగూ సరిపడా ఉండి దగ్గర దగ్గరగా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. ఒక్కటి బాగా దిగి ఉంటే అప్పుడు బోరు మాట మాట్లాడదాం. మధ్యాహ్నం అర సెల్ఫ్‌కే లేచే ఇంజన్‌కు, ఆయిల్ ఎక్కువ తాగని ఇంజన్‌కు బోరు పోయిందంటే నేను అంత తొందరగా నమ్మను.

కొన్ని పనులు మాత్రం చేయకండి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం, స్టార్టింగ్ స్ప్రే కొట్టడం. హీటర్ ఎర్రగా ఉన్నప్పుడు ఆ ఆవిరి తగిలితే పేలినట్టే అంటుకుంటుంది, రింగులు విరుగుతాయి. ఇంజన్ అడుగు ఆయిల్ సంపు కింద గడ్డి మంట పెట్టడం మన వైపు అలవాటే, నేనూ ఒకప్పుడు పెట్టాను. ఆయిల్ జిడ్డు పట్టిన పాత ఇంజన్ కింద మంట అంటే భోగి మంటలో జీపును వేసినట్టే. మరిగే నీళ్లు పంపు మీద గుమ్మరించొద్దు, ఒక్కసారిగా వేడెక్కి లోపల పట్టేసే ప్రమాదం ఉంది. డీజిల్‌లో కిరోసిన్ కలపొద్దు, ఈ పంపుకు డీజిలే నూనె. ఇక తోసి స్టార్ట్ చేయడం గురించి కూడా ఒక మాట. ఇంజన్ నడవనప్పుడు బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ ఉండదు, రెండు మూడు నొక్కుళ్ల తర్వాత పెడల్ రాయిలా బిగుస్తుంది. వాకిట్లో సరే, బస్తాలు ఎక్కించిన బండిని మాత్రం ఘాటు వాలులో వదలకండి.

ఈ లోపు వచ్చే సంతకు బండి కావాలి కదా. ముందు రాత్రి బ్యాటరీ విప్పి ఇంట్లో పొయ్యి గదిలో, మంటకు దూరంగా పెట్టుకోండి. జీపును ముక్కు పల్లానికి నిలపండి, బానెట్ మీద పాత గొంగళి కప్పండి, స్టార్ట్ చేసే ముందు దాన్ని తీసేయడం మరిచిపోవద్దు. పొద్దున రెండుసార్లు పూర్తిగా హీటర్ వేసి సెల్ఫ్ కొట్టండి.

కొలిచాక నాకు ఇవి రాయండి: తెల్లారి బ్యాటరీ వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకు దిగింది, ఎర్త్ దగ్గర ఎంత వచ్చింది, నాలుగు హీటర్ల ఓమ్‌లు విడివిడిగా, ముక్కు పల్లానికి పెట్టిన రాత్రి ఏమైంది. గేజీ నా షెడ్డులో ఉంది. బండిని ముందు రోజు సాయంత్రమే తెచ్చి వదిలితే తెల్లారి అయిదింటికి ఇద్దరం కలిసి చూద్దాం.